తెర మీద సీమ: నేల ఒకచోట, కథ ఒకచోట

'బాహుబలి' షూటింగ్ 2013 జూలై 6న కర్నూలు పక్కన ఓర్వకల్లు రాళ్లలో మొదలైంది. తెర మీద మాత్రం అవి కర్నూలు రాళ్లు కావు, మాహిష్మతివి. 2021 డిసెంబరులో వచ్చిన 'పుష్ప' కథ శేషాచలం ఎర్రచందనం చుట్టూ తిరుగుతుంది. అందులో కనిపించే అడవి చాలావరకు శేషాచలం కాదు, గోదావరి వైపున్న మారేడుమిల్లి. 1847లో కోయిలకుంట్లలో బ్రిటిష్ వాళ్లు ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద 2019లో వచ్చిన సినిమాకైతే పెద్ద యుద్ధ సన్నివేశాన్ని జార్జియా దేశంలో తీశారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక తీరు కనబడుతుంది. సీమ నేలను తీసుకుని వేరే లోకపు కథ చెబుతారు. సీమ కథను తీసుకుని వేరే నేల మీద చూపిస్తారు. నేల, దాని మీద బతికే మనిషి, అతని మాట ఒకే ఫ్రేములోకి రావడం మాత్రం చాలా అరుదు. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో కెమెరా పట్టినవాళ్ల పని ఎంత విలువైనదో ఈ కోణం నుంచే బాగా అర్థమవుతుంది.

సినిమా అంటేనే కల్పన. ఒక ఊరిని మరో ఊరుగా చూపించడం తప్పేమీ కాదు. లొకేషన్ ఎంపికలో కథ కన్నా ముందు వచ్చే లెక్కలు వేరే ఉంటాయి: రెండు మూడు వందల మంది యూనిట్‌కు బస, జనరేటర్ వ్యాన్లు వెళ్లే దారి, అనుమతులు, హీరోను చూడ్డానికి వచ్చే జనం. ఓర్వకల్లుకు ఇవన్నీ కలిసొచ్చాయి. హైదరాబాద్ నుంచి కర్నూలు సుమారు 210 కిలోమీటర్లు, నాలుగు వరసల రోడ్డు. అక్కడి నుంచి నంద్యాల దారిలో మరో ఇరవై కిలోమీటర్లు పోతే చాలు, నీటి మడుగుల మధ్య నిలువుగా లేచిన రాళ్లు, ఏ కాలానిదో తెలియని దృశ్యం. ఏ రాజ్యం పేరు పెట్టినా అక్కడ నప్పుతుంది.

శేషాచలం అలా కాదు. అభయారణ్యంలోకి పెద్ద యూనిట్‌తో దిగడం మాటలు కాదు. అంతకన్నా పెద్ద చిక్కు ఆ అడవి రూపమే. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ కొసన ఉన్న శేషాచలం, వెలికొండ, లంకమల, నల్లమల లాంటి కొండల్లోనే. ఎండాకాలం ఆకు రాల్చేసే పొడి అడవి అది. రాయి, ముళ్లపొద, ఎండిన గడ్డి. మారేడుమిల్లి తేమ అడవి. ఎత్తయిన చెట్లు, తీగలు, పొద్దున పూట పొగమంచు, ఆ మంచులోంచి దిగే వెలుతురు. పోలండ్ నుంచి వచ్చిన ఛాయాగ్రాహకుడు మిరోస్లావ్ కూబా బ్రోజెక్ ఆ వెలుతురును గొప్పగా వాడుకున్నారు, అందులో సందేహం లేదు. కానీ పచ్చదనం వచ్చిన చోట ఒకటి పోయింది. శేషాచలంలో దుంగ మోసే కూలీకి పోలీసుల కన్నా ముందు ఎదురయ్యేవి ఎండ, దాహం. ఆ దాహాన్ని తేమ అడవిలో చూపించడం సాధ్యం కాదు. ఎర్రచందనం కథలోంచి సీమ కరువును తీసేస్తే, మనుషులు ఎందుకు అడవికి పోతున్నారన్న ప్రశ్న కూడా తెర మీద పలచబడుతుంది.

మంచి ఛాయాగ్రాహకుడు సీమ నేలను ఎంత బాగా పట్టగలడో తెలియాలంటే కె.కె. సెంథిల్ కుమార్ పని చూడాలి. 'బాహుబలి'కి ముందే, 2009లో 'అరుంధతి'కి ఆయనే కెమెరా పట్టారు. బనగానపల్లె నవాబుల బంగ్లా ఆ సినిమాలో గద్వాల సంస్థానపు కోట అయింది. పగలు చూస్తే మెట్ట మీద ఒంటరిగా నిలబడ్డ ఒక పాత భవనం. దాన్నే కింది కోణంలో, చుట్టూ ఖాళీ ఆకాశం వదిలి చూపిస్తే భయం పుట్టింది. సినిమా తర్వాత ఆ బంగ్లాను జనం 'అరుంధతి కోట' అనే పిలుస్తున్నారు. నవాబుల చరిత్ర పక్కకు పోయి, కల్పిత కథ పేరు రాతి కట్టడానికి అతుక్కుపోయింది. కర్నూలు జిల్లాలో ఉండిన బనగానపల్లె ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల గీతలు మారాయి. సినిమా పెట్టిన పేరు మాత్రం ఆ గీతల కన్నా గట్టిగా నిలబడింది.

గండికోట సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన ఆ లోయ అంచు మీద ఏటా కొన్ని లక్షల ఫోటోలు దిగుతుంటారు. 2023 మొదట్లో 'ఇండియన్ 2' యూనిట్ కూడా అక్కడికి వచ్చింది. ప్రీ-వెడ్డింగ్ షూట్లకు కడప, ప్రొద్దుటూరు, అనంతపురం స్టూడియోలన్నిటికీ అది మొదటి పేరు. దాదాపు అన్ని ఫోటోలూ ఒకే బండ మీద నుంచి, ఒకే వంపు వైపు, సూర్యుడు వచ్చేటప్పుడో పోయేటప్పుడో తీసినవే. ఆ దృశ్యం అందమైనదే. కోటలో మాధవరాయ స్వామి గుడి గోపురం, జామియా మసీదు, ధాన్యాగారం ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్నాయి. వాటి మీద మధ్యాహ్నం నీడ ఎలా జరుగుతుందో పట్టిన ఫోటోలు చాలా తక్కువ.

అదే పెన్నా మీద, ఆ లోయకు ఎగువన గండికోట జలాశయం ఉంది. దాని నిల్వ సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు మునిగింది. జనం ఇళ్ల తలుపులు, కిటికీలు ఊడదీసుకుని, సామాను ట్రాక్టర్లకెత్తుకుని కదిలిపోయారు. పత్రికల ఫోటోగ్రాఫర్లు, టీవీ కెమెరాలు వచ్చి తమ పని చేశారు. ఆ తర్వాత? లోయ అంచున రోజూ వందల కెమెరాలు. మునిగిన ఊరి మనుషులు కొత్త కాలనీలో ఎలా కుదురుకున్నారో ఏళ్ల తరబడి వెంట ఉండి చూడాల్సిన కెమెరా వేరు. దానికి డబ్బూ రాదు, లైకులూ రావు. కానీ ఈ ప్రాంతానికి అన్నిటికన్నా అవసరమైన పని అదే.

ఇక ఫ్యాక్షన్ సినిమాలు. 1997లో 'ప్రేమించుకుందాం రా', 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర', 'ఆది'. ఐదారేళ్లలో సీమకు ఒక ముఖం తయారైంది. తెల్ల ఖద్దరు, సుమోల వరస, నేలకు ఆనించి పెట్టిన కెమెరా ముందు లేచే దుమ్ము, వేటకొడవలి. ఫ్యాక్షన్ అబద్ధం కాదు. కర్నూలు, కడప, అనంతపురం పల్లెల్లో దానికి బలైన కుటుంబాలు ఎన్నో. అసలు లోపం, ఆ హింసను సినిమా ఎవరి కళ్లతో చూసిందన్నది. కెమెరా ఎప్పుడూ సుమో ముందు సీట్లో కూర్చుంది. వెనక ఇంట్లో గడియ పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల పక్కకు రాలేదు. 2018లో వచ్చిన 'అరవింద సమేత' ఆ దిక్కుకు కొంత తిరిగింది. అందులో పెంచల్ దాస్ సీమ మాటలో రాసిన పాట ఆడవాళ్ల శోకాన్ని కథ మధ్యలోకి తెచ్చింది. హీరో సినిమాగానే ఉంటూ అంత చేయడం చిన్న విషయం కాదు.

ఆ సినిమాల్లో నిజంగా సీమది అనిపించేది ఒకటుంది, అది జయప్రకాష్ రెడ్డి గొంతు. ఉమ్మడి కర్నూలు జిల్లా సిరివెళ్ల మనిషి. ఆ యాసను ఆయన వెక్కిరింపుగా పలకలేదు, అందులోనే పుట్టి పెరిగినవాడిగా పలికారు. అందుకే ఆయన విలన్ అయినా చూసేవాళ్లకు తెలిసిన మనిషిలా ఉండేవాడు. 2020 సెప్టెంబరులో ఆయన పోయాక ఆ యాసను అంత బరువుతో పలికే నటుడు పెద్ద సినిమాల్లో ఇంకా కనబడలేదు.

కొండారెడ్డి బురుజుది మరో కథ. 2003లో గుణశేఖర్ 'ఒక్కడు'లో హీరో, హీరోయిన్ ఎదురుపడే చోటు అదే. నగరం నడిబొడ్డున, జనం మధ్య, ఆటోల మధ్య నిలబడ్డ బురుజు అది. ఆ సినిమాకే హైదరాబాద్‌లో చార్మినార్ సెట్ కట్టారు. కర్నూలుకు మాత్రం అసలు బురుజు దగ్గరికే వచ్చారు. 2020లో 'సరిలేరు నీకెవ్వరు' వచ్చేసరికి ఆ బురుజు కూడా సెట్ అయిపోయింది. అప్పటికి రెండు సినిమాల హీరో ఒకడే, మహేష్ బాబు. అంత పేరున్న నటుణ్ని నడిరోడ్డు మీద నిలబెట్టి రోజుల తరబడి తీయడం కష్టమే, ఒప్పుకోవాలి. అయితే నిజమైన బురుజు చుట్టూ ఉండే బండ్లు, బోర్డులు, నీడలో కూర్చున్న ముసలివాళ్లు సెట్‌లోకి రారు. వాళ్లు లేకపోతే ఆ కట్టడం ఒక గుర్తుగా మాత్రమే మిగులుతుంది.

అసలు చోటుకు బదులు సెట్ కట్టే ఈ అలవాటుకు మూలాలు చాలా పాతవి. తెలుగు సినిమాను నిలబెట్టిన వాళ్లలో సీమవాళ్లు ఎందరో. 'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్. రెడ్డి, 'విజయా' సంస్థను నడిపిన ఆయన తమ్ముడు బి. నాగిరెడ్డి పులివెందుల ప్రాంతం వాళ్లు. ఇద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. 'మాయాబజార్' దర్శకుడు కె.వి. రెడ్డిది తాడిపత్రి. పని చేసింది మద్రాసు స్టూడియోల్లో, కాబట్టి విజయనగర కాలపు కథనైనా సెట్‌లోనే కట్టాల్సి వచ్చింది. అప్పటి కెమెరాలు, ఫిల్ము వేగం, లైట్ల బరువు చూస్తే వేరే దారి వాళ్లకు పెద్దగా లేదు. ఇప్పుడు ఆ ఇబ్బందులేవీ లేవు.

ఫోటోగ్రఫీ దగ్గరికి వస్తే అనంతపురమే ముందు నిలుస్తుంది. జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ. కరువు అనగానే పత్రికలో వచ్చే ఫోటో అందరికీ తెలిసిందే: పగుళ్లు బారిన చెరువు, నెత్తిన చెయ్యి పెట్టుకుని ఆకాశం చూస్తున్న రైతు. అలాంటి చెరువులు లేవని కాదు. అనంతపురం కరువు చాలాసార్లు ఆ ఫోటోలా ఉండదు, అదీ అసలు సంగతి. జూన్, జూలైల్లో నాలుగు చినుకులు పడితే శెనక్కాయ విత్తుతారు. మొలక బాగా వస్తుంది. పూత వస్తుంది. ఊడలు దిగే దశలో మూడు నాలుగు వారాలు వాన ముఖం చాటేస్తుంది. తర్వాత ఒక వాన పడితే చేను మళ్లీ పచ్చగా లేస్తుంది. దూరం నుంచి చూస్తే పంట బాగుందనే అనిపిస్తుంది. చెట్టు పీకి చూస్తే కింద కాయలుండవు, ఉన్నా ఒకటీ రెండూ, అవీ లొట్టలు. కరువు పచ్చగా ఉంటుంది, మట్టి కింద ఉంటుంది. ఆ ఫోటో తీయాలంటే రైతుతో పాటు చేలో దిగాలి, ఎన్నో వారంలో వాన ఆగిందో తెలిసుండాలి, చెట్టు పీకే చేతిని, ఆ వేళ్లను, ఇంటావిడ ముఖాన్ని కలిపి పట్టాలి. సాయంత్రంలోగా ఫోటో పంపాల్సిన మనిషికి అంత తీరిక దొరకదు. అందుకే పగిలిన చెరువే మళ్లీ మళ్లీ అచ్చవుతుంది.

పాత్రికేయుడు పి. సాయినాథ్ 2014 డిసెంబరులో గ్రామీణ భారతం కోసం మొదలుపెట్టిన 'పరి' (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) అనే ఆన్‌లైన్ వేదికలో అనంతపురం నుంచి వచ్చిన కథనాలు ఈ లోటును కొంత తీర్చాయి. అక్కడ ఫోటో కింద మనిషి పేరు ఉంటుంది, ఊరు ఉంటుంది, ఆ మనిషి చెప్పిన లెక్క ఉంటుంది. పేరులేని 'కరువు రైతు' అక్కడ కనబడడు. ఒక ఫోటోకు ఇంతకన్నా పెద్ద గౌరవం లేదు.

బయటి నుంచి వచ్చిన కళ్లలో చెప్పుకోదగ్గవి క్రిస్టినా గార్సియా రొదేరోవి. స్పెయిన్ ఛాయాచిత్రకారిణి, ప్రసిద్ధ ఫోటోగ్రాఫర్ల సంస్థ మాగ్నమ్ సభ్యురాలు. 1969లో అనంతపురం వచ్చి స్థిరపడిన విన్సెంట్ ఫెర్రర్ పేరుతో స్పెయిన్‌లో నడుస్తున్న సంస్థ తోడ్పాటుతో ఆమె ఇక్కడి పల్లెల్లో తిరిగి, ముఖ్యంగా ఆడవాళ్ల బతుకు మీద పెద్ద ఫోటోల వరస చేశారు. స్పెయిన్‌లో అది ప్రదర్శనగా వెళ్లింది. ఒక సేవాసంస్థ వెంట ఉండి తీసిన ఫోటోలకు ఒక హద్దు ఉంటుంది. సంస్థ తలుపు తెరిచిన ఇళ్లలోకే కెమెరా వెళుతుంది. అయినా దశాబ్దాల తరబడి పండగలను, ఊరి ఆచారాలను ఫోటో తీసిన కన్ను కావడంతో ఆమెకు ఇక్కడి మనుషులు జాలిపడాల్సిన వాళ్లుగా కనబడలేదు. ఆ వరసను అనంతపురంలోనే, ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ల ముందు పెద్ద అచ్చులతో చూపించాలన్నది న్యాయమైన కోరిక.

బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు వైపు వెళితే నేల, కథ విడిపోవడం కళ్లారా చూడొచ్చు. హగరి అని పిలిచే వేదవతి నది ఎండిపోయాక గాలికి ఇసుక పొలాల మీదికి కొట్టుకొచ్చి తిన్నెలు కట్టింది. విత్తిన పొలం మీద ఇసుక పేరుకుంటే తోడుకుని మళ్లీ సేద్యం చేయడం అక్కడి రైతుల పని. ఆ తిన్నెలే సినిమావాళ్లకు చవకగా దొరికే ఎడారి. రాజస్థాన్ దాకా పోకుండా ఎడారి సన్నివేశాలు అక్కడ తీసుకుని వెళుతుంటారు. తెర మీద చూసేవాడికి అది ఎక్కడిదో తెలియదు. ఒకప్పుడు ఆ ఇసుక కింద పంట పండేదని అసలే తెలియదు.

కర్నూలు జిల్లాలో ఫోటోగ్రాఫర్లను ఏటా రప్పించేది దసరా రాత్రి దేవరగట్టు. మాళమల్లేశ్వర స్వామి కల్యాణం అయ్యాక, అర్ధరాత్రి దివిటీల వెలుగులో ఉత్సవ విగ్రహాన్ని కాపాడుకునే ఊళ్లు ఒక పక్క, దక్కించుకోవాలని వచ్చే ఊళ్లు ఒక పక్క, వేల కర్రలు. కెమెరాకు అంత కష్టమైన చోటు ఇంకోటి ఉండదు. వెలుగు దివిటీదే, అదీ కదులుతుంటుంది. ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే సున్నితత్వం) పెంచితే ఫోటో నిండా గింజలు, షట్టర్ వేగం తగ్గిస్తే కర్రలన్నీ గీతలైపోతాయి, ఫ్లాష్ వేస్తే రాత్రే మాయమవుతుంది. షట్టర్ తగ్గించి గీతలను అలాగే వదిలినవాళ్ల ఫోటోలే ఆ రాత్రికి దగ్గరగా ఉంటాయి. పత్రికకు మాత్రం తల పగిలిన ముఖం కావాలి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ముందుగా బాస చేసుకుని, నియమంగా ఉండి, విగ్రహం వెంట నడిచే ఘట్టం ఫోటోల్లో పెద్దగా కనబడదు. దెబ్బలు నిజం, ప్రాణాలు పోవడమూ నిజం. పోలీసులు ఏటా ఆపాలని చూస్తూనే ఉన్నారు. అయితే దెబ్బ ఒక్కటే చూపిస్తే, అది కూడా ఫ్యాక్షన్ సినిమాలో ఇంకో సీనులాగే మిగిలిపోతుంది.

కడప దగ్గర కెమెరా చేసిన మరో పని గురించి చెప్పకుండా ఉండలేం, అది కళ కిందికి రాదన్నా సరే. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న కలివికోడి 1986లో సిద్ధవటం పక్కన రెడ్డిపల్లె ప్రాంతంలో మళ్లీ బయటపడింది. రాత్రిపూట మాత్రమే తిరిగే పక్షి. తర్వాత పి. జగన్నాథన్ లాంటి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూశారు, తమంతట తామే ఫోటో తీసుకునే కెమెరాలు పెట్టి నెలల తరబడి వేచి ఉన్నారు. మసకగా, ఫ్రేము అంచున దొరికిన ఆ ఫోటోలకు అందం లేదు. కానీ అది అక్కడ ఉందని చెప్పే సాక్ష్యం అవే. ఆ పక్షి ఆవాసాన్ని తప్పించడానికి తెలుగుగంగ కాలువ దారినే మార్చాల్సి వచ్చింది. నేలను నేలగానే చూసిన కెమెరాకు ఉండే బలం అది.

ఈ మధ్య కొత్తగా వస్తున్నవాళ్లలో ఆశ కనబడుతోంది. రాయచోటి నుంచి వచ్చిన కిరణ్ అబ్బవరం షార్ట్ ఫిల్ములతో మొదలై, 2021లో 'ఎస్ఆర్ కళ్యాణమండపం'కు కథ, మాటలు తనే రాసుకున్నాడు. కథనంలో తడబాట్లున్నా కత్తులు లేని సీమ కుటుంబం, తండ్రీకొడుకుల అలక అందులో ఉన్నాయి. అదే ఏడాది ప్రవీణ్ కండ్రేగుల 'సినిమా బండి' ఆంధ్ర-కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటోడ్రైవర్‌కు కెమెరా దొరికితే ఏమవుతుందో కొత్త ముఖాలతో చూపించింది. సరిహద్దు పల్లెల్లో తెలుగు, కన్నడం కలిసిపోయే తీరు హిందూపురం, మడకశిర వైపువాళ్లకు కొత్త కాదు. ఆ మాటను సరిచేయకుండా ఉన్నదున్నట్టు వదిలేయడమే ఆ సినిమా చేసిన మంచి పని.

అయితే ఈ జిల్లాల్లో రోజూ కెమెరా పట్టేది సినిమావాళ్లు కాదు, పెళ్లి ఫోటోగ్రాఫర్లు. ఆదోని నుంచి బద్వేలు దాకా ఏ ఊళ్లో ఏ వీధి ఎలా మారిందో వాళ్ల దగ్గర ఉన్నంతగా ఇంకెవరి దగ్గరా లేదు. పెళ్లి వెనక పందిరి, పందిరి వెనక ఇల్లు, ఇంటి ముందు నాపరాయి అరుగు, ఊరేగింపు దారిలో వచ్చిన కొత్త మేడలు, అన్నీ ఆ ఆల్బమ్‌లలో ఉన్నాయి. ముహూర్తాల సీజన్ వస్తే హార్డ్‌డిస్కు ఖాళీ చేసి కొత్త పెళ్లి ఎక్కించడం మామూలే. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు బురదలో తడిసిపోయిన నెగెటివ్‌లు, ఆల్బమ్‌లు ఎన్నో. ఆ వరదను మేడల మీద నుంచి ఫోటో తీసిన ఊరివాళ్లూ ఉన్నారు. అవి ఇంకా ఎక్కడో పాత సీడీల్లో, పాత ఫోన్లలో ఉండే ఉంటాయి.

తాళపత్రాలను దాచడానికి కడపలో యోగివేమన విశ్వవిద్యాలయం కింద సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం ఉంది. ఫోటోలకూ అలాంటి చోటు ఒకటి కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎక్కడైనా పెట్టొచ్చు. పెద్ద ఖర్చు కాదు. రెండు సర్వర్లు, ఒక స్కానర్, స్టూడియోల చుట్టూ తిరిగి పాత డిస్కులు అడిగి తెచ్చే ఇద్దరు విద్యార్థులు. ఆల్బమ్‌లో ఉన్నవాళ్ల అనుమతి తీసుకోవాలి, ఇంటి సంగతులను బయట పెట్టకూడదు. ప్రతి ఫోటో కింద ఊరు, మండలం, నెల, సంవత్సరం, పొలమైతే ఆ ఏడు వేసిన పంట, తీసినవాళ్ల పేరు రాయాలి. రేపు సీమ మీద సినిమా తీసేవాడు లొకేషన్ వెతుక్కునే ముందు వచ్చి చూసుకోవడానికి అవి పనికొస్తాయి.